కాలమ్ నెత్తిన కాలం

నెల మారిన మొదటి వారంలో ఏ కార్యాలయంలోకి తొంగి చూసినా ఒక తంతు తప్పక కనిపిస్తుంది. గత మాసపు నివేదికను తెరవడం, కొత్త పేరుతో మరొక ప్రతి తీయడం, పట్టిక పైభాగాన ఉన్న నెలల పేర్లను ఒక్కొక్కటిగా చెరిపి కొత్తవి రాయడం. ఉత్పత్తి విభాగమైనా, స్టోర్స్ అయినా, జీతాల సెక్షను అయినా ఇదే వరస. ఈ సంవత్సరానివి పన్నెండు నిలువు వరుసలు, పోల్చి చూడడానికి గత సంవత్సరానివి మరొక పన్నెండు. ఇరవై నాలుగు పేర్లలో ఇరవై మూడింటిని మార్చి ఒక్కదానిని మరచిపోతే చాలు, అంకెలన్నీ సరైనవే అయి ఉండి కూడా నివేదిక అబద్ధమాడుతుంది. ఈ సంచికలో ఆ పేర్ల సంగతి ముచ్చటించదలచాము. శీర్షికల గురించి ఒక శీర్షిక రాయడం కాస్త విడ్డూరంగా తోచవచ్చు. అయితే నిలువు వరుసను మనం కాలమ్ అంటాము, దాని నెత్తిన కూర్చునేది కాలం. ఈ రెండింటికీ పొత్తు కుదరనప్పుడు కలిగే నష్టం జేబు దాకా వస్తుంది.

మొదట ఒక సందేహం తీర్చుకోవాలి. పట్టిక పైన "ఏప్రిల్ 2024" అని మనం చదివేదానిని కంప్యూటరు ఏమని గ్రహిస్తున్నది? అది వట్టి అక్షరాల వరుస కావచ్చు. అప్పుడు దాని దృష్టిలో ఏప్రిల్‌కూ ఆవకాయకూ భేదం లేదు. లేదా అది నిజమైన తేదీ కావచ్చు. ఎక్సెల్‌లో తేదీ అంటే ఒక సంఖ్య. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకొని రోజుకొకటి చొప్పున లెక్క పెంచుకుంటూ వస్తుంది. ఆ లెక్కన 2024 ఏప్రిల్ 1 అంటే 45383. ఆ సంఖ్యకు నెల, సంవత్సరం అనే వేషం కట్టి మనకు చూపుతుంది. (1900 లీపు సంవత్సరం కాదు, అయినా ఆ ఏడాది ఫిబ్రవరికి 29వ రోజు ఉన్నట్లే ఎక్సెల్ లెక్కిస్తుంది. అంతకు ముందు ప్రచారంలో ఉన్న లోటస్ 1-2-3లో ఆ పొరపాటు ఉండడం వల్ల, దానితో పొందిక చెడకూడదని దీనిలోనూ అలాగే ఉంచారు. తప్పును కూడా వారసత్వంగా పుచ్చుకునే అలవాటు మనుషులకే పరిమితం కాదన్నమాట.)

అక్షరాలుగా రాసిన నెలలను క్రమంలో పెట్టమంటే కంప్యూటరు అకారాది క్రమమే అనుసరిస్తుంది. తెలుగులో రాస్తే అక్టోబరు మొదట వస్తుంది, తరువాత ఆగస్టు, ఏప్రిల్, జనవరి, చివర సెప్టెంబరు. ఆ క్రమంలో గీసిన గ్రాఫులో ఉత్పత్తి పెరుగుతున్నదో తగ్గుతున్నదో చెప్పగల జ్యోతిష్కుడు లేడు.

మరొక చిక్కు పాత అలవాటు వల్ల వచ్చింది. 1990లలో కంప్యూటరు నేర్చినవారు నెల పేరులోని మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక గీత, సంవత్సరపు చివరి రెండంకెలు కొట్టేవారు. ఏప్రిల్ తరువాత గీత పెట్టి 98 అని కొడితే, నెలలో 98వ తేదీ ఉండదు గనుక, అది 1998 ఏప్రిల్ అని ఎక్సెల్ సరిగానే గ్రహించేది. 2001 వచ్చేసరికి కథ మారింది. 01 అనేది తేదీ కూడా కాగలదు. అందుచేత ఏప్రిల్ పక్కన 24 అని కొడితే 2024 ఏప్రిల్ అని కాక, ఆ నడుస్తున్న సంవత్సరపు ఏప్రిల్ 24వ తేదీ అని తీసుకుంటుంది. 2025లో కూర్చుని, నెలా సంవత్సరమూ చూపేలా ముందే అమర్చిన గడిలో ఇలా కొట్టినవారికి తెరమీద 2025 ఏప్రిల్ కనిపిస్తుంది. కొట్టినది ఒకటి, నిలిచినది మరొకటి. పని ఒత్తిడిలో ఎవరు గమనిస్తారు? చేతితో శీర్షిక రాయడం మానవలసిందని మేము పట్టుబట్టడానికి ఇదొక్కటే చాలిన కారణం.

పద్ధతి చాలా సులభం. పట్టిక పైన ఒక గడిని "నివేదిక మాసం" కోసం కేటాయించాలి. ప్రతి నెలా చేతితో మార్చేది ఆ ఒక్క గడినే. అందులో రాసేది ఆ నెల మొదటి తేదీ, సంవత్సరం నాలుగంకెలతో సహా. తక్కిన శీర్షికలన్నీ దానినుంచి పుట్టాలి. మన ఆర్థిక సంవత్సరం 1867 నుంచి ఏప్రిల్ 1న మొదలవుతున్నది. కనుక నివేదిక మాసపు సంఖ్య 4 కన్నా తక్కువైతే సంవత్సరంలోంచి ఒకటి తీసివేయాలి, లేకుంటే అదే సంవత్సరం. ఆ సంవత్సరం, 4వ నెల, 1వ తేదీ అని డేట్ సూత్రానికి అందిస్తే మొదటి నిలువు వరుస శీర్షిక సిద్ధం. రెండవ వరుసకు ఈడేట్ అనే సూత్రంతో మొదటి శీర్షికకు ఒక నెల కలపాలి. దానినే పదకొండు గడులకూ లాగితే మార్చి వరకు నిండిపోతాయి. గత సంవత్సరపు పన్నెండింటికి అదే సూత్రంతో పన్నెండు నెలలు వెనక్కు పోవాలి. ఎక్సెల్ 2007కు ముందు ఈడేట్ కావాలంటే అదనపు ఉపకరణాన్ని విడిగా తగిలించుకోవలసి వచ్చేది. అటువంటి పాత యంత్రాలపై డేట్ సూత్రంలోనే నెల సంఖ్యకు ఒకటి కలిపినా సరిపోతుంది. 13వ నెల అంటే మరుసటి జనవరి అని దానికి తెలుసు. చక్కెర పరిశ్రమ లెక్క వలె అక్టోబరులో మొదలయ్యే సంవత్సరాలు ఉన్నవారు ఆ 4ను సూత్రంలో పాతిపెట్టక వేరొక గడిలో ఉంచుకోవడం మంచిది.

నెల కలపడానికి బదులు 30 రోజులు కలిపేవారున్నారు. 2023 జనవరి 31కి 30 రోజులు కలిపితే మార్చి 2 వస్తుంది. ఫిబ్రవరి పట్టికలోనుంచే మాయం. నెలాఖరు తేదీలతో ఈడేట్ వాడినా మరొక తమాషా ఉంది: జనవరి 31 తరువాత ఫిబ్రవరి 28 వస్తుంది, దానికి మరొక నెల కలిపితే మార్చి 28 వస్తుందే గాని 31 రాదు. అందుకే శీర్షిక ఎల్లప్పుడూ నెల మొదటి తేదీపై నిలవాలి. ఆఖరి తేదీ అవసరమైన చోట ఈవోమంత్ అనే సూత్రం ఉన్నది.

ఇక అంకెలు. శీర్షికను అలంకారంగా వదిలివేస్తే పడ్డ శ్రమంతా వృథా. సమ్ఇఫ్స్ సూత్రానికి, ఈ శీర్షిక తేదీ మొదలుకొని ఆ నెలాఖరు వరకు ఉన్న పద్దులనే కూడుమని చెప్పాలి. అప్పుడు శీర్షిక మారితే కింది అంకె దానంతట అది మారుతుంది, పేరు ఒక నెలది ఊరు ఒక నెలది అయ్యే అవకాశం ఉండదు. డేటాబేసునుంచి నేరుగా నివేదికలు తీసేవారికి ఇక్కడొక హెచ్చరిక. లావాదేవీలలో ఉన్న నెలలనే నిలువు వరుసలుగా పరిచే పద్ధతిలో, ఏ లావాదేవీ లేని నెల అసలు కనిపించదు. జులైలో ఒక్క ప్రమాదమూ జరగకపోతే భద్రతా నివేదికలో జులై వరుసే ఉండదు. సున్నా అని గర్వంగా చూపవలసిన చోట ఖాళీ కూడా మిగలదు. నెలల జాబితాను వేరుగా ఒక పట్టికగా ఉంచి, లావాదేవీలను దానికి తగిలించడమే దీనికి మందు.

ఇంతవరకు చెప్పినది చేతిపని. నెల పేరు ఎంతటి విషయమో 2022 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకూ, రిటైరైనవారికీ బాగా తెలిసివచ్చింది. అధిక వేతనంపై పింఛను కోరినవారికి సంబంధించి ఉద్యోగి వేతనాన్ని నెలవారీగా చూపవలసి వచ్చింది. ఉద్యోగుల పింఛను పథకం అమలులోకి వచ్చినది 1995 నవంబరు 16న. వేతన పరిమితి 15,000 రూపాయలకు పెరిగిన 2014 సెప్టెంబరు 1 వరకే తీసుకున్నా, అంతకు ముందు 226 నెలలు. అందులో మొట్టమొదటి నెల పదిహేను రోజులదే. నడుమ 2001 జూన్ 1న పరిమితి 5,000 నుంచి 6,500 అయింది. పాత రిజిస్టర్ల దుమ్ము దులిపి, ఒక్కొక్క ఉద్యోగికి రెండు వందల పైచిలుకు నెలలను చేతితో రాసిన పట్టిక ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మధ్యలో ఒక నెల రెండుసార్లు పడితే దాని తరువాతి వేతనాలన్నీ ఒక్కొక్క అడుగు పక్కకు జరుగుతాయి. పింఛను లెక్కలో చివరి 60 నెలల సగటు వేతనం కీలకం. అడుగు పక్కకు జరిగిన పట్టికలో ఆ అరవై ఏవి?

అంతకన్నా సూక్ష్మమైన మెలిక ఒకటున్నది. "ఏప్రిల్" అంటే ఏప్రిల్‌లో పనిచేసినందుకు వేతనమా, ఏప్రిల్‌లో చెల్లించిన వేతనమా? భవిష్యనిధి లెక్కలో సంవత్సరం ఏప్రిల్‌లో చెల్లించే మార్చి వేతనంతో మొదలై, మార్చిలో చెల్లించే ఫిబ్రవరి వేతనంతో ముగుస్తుంది. పాత 3ఎ ఫారం చూసినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. మొదటి వరుసలోనే ఏప్రిల్‌లో చెల్లించిన మార్చి అని ఉండేది. వేతనం మరుసటి నెలలో చెల్లించే రెండు యూనిట్లు ఉన్నాయనుకుందాము. ఒకదానిలో శీర్షిక చెల్లింపు నెల, రెండవదానిలో పనిచేసిన నెల. జులై 1న మొదటిదాని నుంచి రెండవదానికి బదిలీ అయిన ఉద్యోగి వివరాలను కలిపి కుడితే, మొదటి యూనిట్ ఇచ్చిన జూన్ వేతనమూ, రెండవ యూనిట్ ఇచ్చిన జులై వేతనమూ రెండూ జులై కిందికే వస్తాయి. బదిలీ ఎదురు దిశలో జరిగితే జులై ఖాళీ. ఆ ఖాళీని చూసిన గుమాస్తా దానిని జీతం లేని సెలవు అని తలచడంలో ఆశ్చర్యమేమున్నది? ఉద్యోగి ఒక్కరోజు కూడా పని మానలేదు, శీర్షికే మానింది. కనుక జీతాల పట్టికలకు ఒక వరుస శీర్షిక చాలదని మా దృఢాభిప్రాయం. పై వరుసలో వేతన మాసం, దాని కింద దానినుంచే ఒక నెల ముందుకు జరిపిన చెల్లింపు మాసం, రెండింటికీ ఎడమ పక్కన వాటి పేర్లు స్పష్టంగా ఉండాలి.

బకాయిల లెక్కలోనూ ఇదే న్యాయం. పారిశ్రామిక కరువు భత్యం జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటవ తేదీలలో మారుతుంది. శీర్షిక నిజమైన తేదీ అయితే, రేట్ల పట్టికలో ఆ తేదీ నాటికి అమలైన చివరి రేటును వెతికి తెచ్చే పని కంప్యూటరుకే వదలవచ్చు. అధికారులకు, యూనియన్ల పరిధిలో లేని సూపర్‌వైజర్లకు 2020 అక్టోబరు, 2021 జనవరి, ఏప్రిల్ కిస్తులను 2021 జూన్ 30 వరకు నిలిపివేసినప్పుడు ఈ ఏర్పాటు ఉన్నచోట చేయవలసినది స్వల్పమే. రేట్ల పట్టికలో ఆ మూడు తేదీలకు కొత్త రేటు చేర్చకుండా ఉంటే చాలు. శీర్షికలు అక్షరాలుగా ఉన్నచోట ప్రతి ఉద్యోగి పట్టికలో తొమ్మిదేసి నెలలు చేతితో దిద్దవలసినదే.

పోలికల విషయంలో మాత్రం సూత్రాలపై అతి విశ్వాసం తగదు. "గత సంవత్సరం ఇదే నెల" అనే మాటను మేము శీర్షికగా అంగీకరించము; నెలా సంవత్సరమూ విప్పి రాయాలి. మామూలుగా నెలకు 100 టన్నులు తయారయ్యే చోట 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ కారణంగా, 40 టన్నులే తయారయ్యాయని అనుకుందాము. 2021 ఏప్రిల్‌లో 90 టన్నులు వస్తే వృద్ధి 125 శాతం! ఉత్పత్తి మామూలు స్థాయికి ఇంకా చేరనే లేదు. శీర్షికపై 2020 ఏప్రిల్ అని కనిపిస్తే చదివేవారు తమంతట తామే తల పంకిస్తారు; గత సంవత్సరం అని ఉంటే చప్పట్లు కొడతారు. 2017 జులై మరొక గడ్డు నెల. వస్తుసేవల పన్ను పరిధిలోకి వచ్చిన ఉత్పత్తులకు సంబంధించి జూన్ 30 వరకు ఆదాయంలో ఎక్సైజ్ సుంకం కలిసి ఉండేది, ఆ తరువాత కలవలేదు. జూన్ వరుస, జులై వరుస పక్కపక్కనే ఒకే రూపులో నిలబడినా అవి ఒకే జాతి అంకెలు కావు. మన రాష్ట్ర విభజన జరిగిన 2014 జూన్ సంగతి సరేసరి. 1వ తేదీ వరకు ఒక లెక్క, 2వ తేదీ నుంచి రెండు లెక్కలు. "జూన్" అన్న ఒక్క మాట కింద ఆ మూడూ ఇమడవు. ఇటువంటి నెలలకు శీర్షిక కింద ఒక చుక్క గుర్తు పెట్టి గమనిక రాయడం మనిషి పని, సూత్రం పని కాదు. ఫిబ్రవరి లీపు సంవత్సరంలో ఒక్కరోజు ఎక్కువైనందుకే ఉత్పత్తి 3.57 శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. ఇది మాత్రం సూత్రంతో సరిదిద్దవచ్చు. నెలాఖరు తేదీలోని రోజు సంఖ్యతో భాగిస్తే రోజువారీ సగటు వస్తుంది.

కొందరు నివేదిక మాసపు గడిలో చేతితో తేదీ రాయడం కూడా బద్ధకించి టుడే అనే సూత్రం పెడతారు. తెరచిన ప్రతిసారీ అది నేటి తేదీని చూపుతుంది. అంకెలను ఎవరో విలువలుగా అతికించి, శీర్షికను మాత్రం టుడేకు వదిలితే, మార్చి నివేదికను మే నెలలో తెరచిన ఆడిటరుకు మార్చి అంకెల నెత్తిన మే కనిపిస్తుంది. తెల్లకాగితంపై సంతకాలతో ఉన్న ప్రతిలో ఒక నెల, కంప్యూటరులో ఉన్న ప్రతిలో మరొక నెల. సంజాయిషీ రాయడానికి ఎన్ని పేజీలు కావాలి? నివేదిక పంపిన వెంటనే పట్టికను సూత్రాలు లేని ప్రతిగా భద్రపరచుకోవాలి. చలించవలసినది రాబోయే నెల నివేదిక, గడచిన నెలది కాదు.

రెండు భాషలలో నివేదిక ఇవ్వవలసినవారికి ఒక చిన్న వెసులుబాటు. టెక్స్ట్ సూత్రంలో నెలకు ముందు భాషా సంకేతం చేర్చితే, ఒకే తేదీ నుంచి హిందీలోనూ తెలుగులోనూ నెల పేరు రప్పించవచ్చు. హిందీకి 439, తెలుగుకు 44ఎ. అయితే ఇలా వచ్చిన పేరు మళ్ళీ వట్టి అక్షరాలే గనుక, దానిని చూపు కోసం వేరొక వరుసలో ఉంచి, లెక్కలు మాత్రం అసలు తేదీపైనే నడిపించాలి.

ఇంటి లెక్కలకూ ఇదంతా పనికివస్తుంది. పాల పద్దు, పిల్లల ఫీజులు, గ్యాసు సిలిండరు తేదీలు రాసుకునే గృహిణులు మా ఎరుకలో చాలామందే ఉన్నారు, వారి పట్టికలు కొన్ని మన సెక్షన్ల పట్టికల కన్నా మేలు. పంచాంగం ప్రకారం రాసుకునే పెద్దలకు మాత్రం పన్నెండు వరుసలు ఎల్లవేళలా చాలవు. శోభకృత్ సంవత్సరంలో, 2023 జులై 18 నుంచి ఆగస్టు 16 వరకు, అధిక శ్రావణం వచ్చి పదమూడు నెలలయ్యాయి. అధిక మాసం తెలిసిన సూత్రమేదీ ఎక్సెల్‌లో లేదు. ఆదాయపు పన్ను కాగితాలలో 2024-25 ఆర్థిక సంవత్సరానికి 2025-26 మదింపు సంవత్సరం కావడం వల్ల పుట్టే గందరగోళం అందరికీ అనుభవమే. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2026 ఏప్రిల్ 1 నుంచి, ఆ రెండు పేర్ల స్థానంలో పన్ను సంవత్సరం అనే ఒకే పేరును తెచ్చింది. పాత కాగితాలు దాచుకునే దస్త్రాలపై మాత్రం ఏ సంవత్సరం ఏ అర్థంలో రాశారో ఇప్పుడే గుర్తు పెట్టుకోవడం మంచిది.

భవిష్యనిధి పాస్‌బుక్‌ను కూడా తీరిక వేళ ఒకసారి తెరచి చూడవలసిందిగా ఉద్యోగులను, ముఖ్యంగా బదిలీపై వచ్చినవారిని కోరుతున్నాము. అందులో వేతన మాసం ఒకచోట, జమకు గడువైన మాసం మరొకచోట కనిపిస్తాయి. రెండింటి మధ్య ఒక నెల తేడా ఉండడం తప్పు కాదు. వేతన మాసాల వరుసను ఏప్రిల్ నుంచి మార్చి వరకు జీతపు స్లిప్పులతో సరిపోల్చాలి. ఏదైనా నెల తప్పిపోయినట్లు కనిపిస్తే ఆ స్లిప్పు నకలు జతపరచి తమ యూనిట్ భవిష్యనిధి సెక్షనుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. రిటైరవడానికి ఇంకా పదేళ్ళున్నా, పాత యూనిట్‌లో ఆ రిజిస్టరు చూసినవారు కుర్చీలో ఉండగానే ఆ పని జరగడం మేలు.